వేసవి శిక్షణలో టీచర్ల చేతికి రంగులివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులిచ్చి, మే నెలలో ఉపాధ్యాయులను విడతలవారీగా వేసవి శిక్షణకు పిలవడం మనకు అలవాటైన పద్ధతే. ఆ శిక్షణ అవసరమా అని ప్రశ్నించడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో గడపాలని జాతీయ విద్యా విధానం 2020 ఆశిస్తోంది. ఇరవై రెండేళ్లుగా ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)గా పనిచేస్తున్న నాకు ఆ గంటలు ఎక్కువనిపించలేదు. అయితే ఆ గంటల్లో చదవడం, రాయడం నేర్పే పనిని ఒక వైపు, బొమ్మ, పాట, కథ వంటి కళలను మరో వైపు ఉంచి, కళలకు మిగిలిపోయిన సమయాన్ని మాత్రమే కేటాయిస్తున్నారన్నదే నా బాధ.

నేను హాజరైన ఒక అయిదు రోజుల శిక్షణలో మొదటి నాలుగు రోజులూ పిల్లల ప్రారంభ స్థాయి చూసే బేస్‌లైన్ పరీక్షల నమోదు, స్థాయుల పట్టికలు, పాఠ్య ప్రణాళికల నమూనాలతోనే గడిచిపోయాయి. కళా సమీకృత అభ్యసనం, అంటే కళల ద్వారా పాఠం నేర్పడం, అన్న అంశం అయిదో రోజు మధ్యాహ్న భోజనం తరువాత వచ్చింది. దానికి దక్కింది ముప్పావు గంట. తెర మీద కనిపించిన స్లైడ్లను శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ చదివి వినిపించారు, మేము రాసుకున్నాం. నలభై మందిమి కూర్చున్న ఆ గదిలో ఒక్కరి చేతిలోనూ రంగు పెన్సిల్ లేదు, ఒక్కరి గొంతు నుంచీ పాట రాలేదు. ఆ రిసోర్స్ పర్సన్‌ను నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆయనకూ పై స్థాయిలో ఆ అంశాన్ని స్లైడ్ల మీదే చెప్పి పంపారు. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి మెట్లు దిగి వచ్చే మన శిక్షణలో మాట దిగి వస్తుంది గానీ చేతిపని దిగి రాదు.

పిల్లలకు చదవడమే రానప్పుడు బొమ్మలూ పాటలూ ఎందుకని అధికారులు, తల్లిదండ్రులు, కొందరు తోటి ఉపాధ్యాయులు కూడా అడుగుతుంటారు. మూడో తరగతి ముగిసే నాటికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జూలై 5న నిపుణ్ భారత్‌ను ప్రారంభించింది. దాన్ని చేరడానికి 2026–27 విద్యా సంవత్సరాన్ని గడువుగా పెట్టుకుంది. మన తెలంగాణలో 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. గడువు ముంచుకొస్తుంటే పాఠం వదిలి బొమ్మలు వేయిస్తారా అన్న ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ నా తరగతిలో నేను చూసింది వేరు.

మూడో తరగతిలో ఒక పిల్లవాడు అక్షరాలను గుర్తుపట్టేవాడు, గుణింతం రాగానే ఆగిపోయేవాడు. ఒక రోజు అందరినీ ఇంటి దగ్గర చూసిన ఒక పనిని బొమ్మగా వేయమన్నాను. వాడు ట్రాక్టరు వేశాడు. నాలుగు చక్రాలూ ఒకే వైపు కనబడుతున్నాయి, డ్రైవరు తల పైకప్పు దాటి బయటికొచ్చింది, వెనక మాత్రం మట్టిని గుల్ల చేసే రోటవేటర్ కత్తులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేసినట్టున్నాయి. దాని పక్కన పేరు రాయాలని వాడికే అనిపించి, ఎలా రాయాలని అడిగాడు. రోటవేటర్ అన్న ఆ ఒక్క మాటలో ఓత్వం, ఏత్వం, చివర పొల్లు మూడూ ఉన్నాయి. గుణింతాల పట్టిక ముందు నెలల తరబడి నోరు విప్పని పిల్లవాడు ఆ మాటను పలక మీద నాలుగు సార్లు దిద్ది, ఇంటికి వెళ్లేలోపు చూడకుండా రాశాడు. మరుసటి వారం అదే బొమ్మ కింద రెండు వాక్యాలు వచ్చాయి. ఆ పద్ధతి నాకు ఏ శిక్షణలోనూ దొరకలేదు, అనుకోకుండా తటస్థపడింది.

పాట విషయమూ అంతే. మన లిపిలో చప్పట్లు అన్న మాటకు మూడు అక్షరాలు, మూడు చరుపులు. పిల్లలు ఒత్తులను వదిలేయడం ప్రతి ప్రాథమిక ఉపాధ్యాయుడికీ తెలిసిన తలనొప్పి. గడి, గడ్డి అన్న మాటలను చప్పట్లతో పాడిస్తే రెండింటికీ చరుపులు రెండే అయినా, గడ్డిలో మొదటి చరుపు బరువుగా, ఆగి పడుతుంది. ఆ బరువు చెవికి తెలిసిన తరువాత డ కింద ఒత్తు ఎందుకు రాయాలో వేరే చెప్పాల్సిన పని తక్కువ. పద్యం నడక చెప్పేటప్పుడు గురువు, లఘువు అని హైస్కూలులో నేర్పే విషయమే ఇది. ఒకటో తరగతి పిల్లలకు ఆ పేర్లు తెలియనక్కరలేదు, ఆ తేడా చెవికి పడితే చాలు. కానీ టీచరు తరగతిలో గొంతెత్తి పాడాలంటే ముందు తోటివారి మధ్య ఒకసారి సిగ్గు విడిచి పాడి ఉండాలి. పదో తరగతి తరువాత కుంచె పట్టని వాళ్లం, పాడటానికి బెరుకుపడే వాళ్లం మాలో ఎంతోమందిమి ఉన్నాం. ఆ బెరుకు పోగొట్టడానికి బడి గంట మోగని మే నెలకు మించిన సమయం లేదు.

మాది సిద్దిపేట జిల్లా. చేర్యాల నకాశీ పటాలు పుట్టిన చోటు ఇక్కడే. ఖద్దరు గుడ్డ మీద చింతగింజల జిగురూ సుద్దా పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద వరసలు వరసలుగా బొమ్మలు వేస్తారు. కూనపులి వారు పద్మశాలీలకు, కాకిపడగల వారు ముదిరాజులకు ఆ పటం విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ, కులపురాణం పాడి వినిపించేవారు. అక్షరం రాని శ్రోత కూడా ఏది ముందు, ఏది వెనక, ఎవరు ఎవరు అన్నది బొమ్మల వరసను బట్టి చదువుకునేవాడు. చదవడం నేర్పే సాధనంగా దీనికన్నా దగ్గరిది మాకు ఇంకేముంటుంది? పాత క్యాలెండరు కాగితాలు అతికించి, నాలుగు గళ్లలో మా ఊరి సంగతి ఒకటి బొమ్మలుగా వేసి, దాన్ని విప్పుతూ చెప్పి, ప్రతి గడి కిందా ఒక వాక్యం రాయడం ఒక నకాశీ కళాకారుడి పక్కన కూర్చుని ఒక్క పూట చేస్తే, టీచరుకు ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది. చేర్యాలకు కూతవేటు దూరంలో పనిచేస్తూ, కళా సమీకృత అభ్యసనాన్ని స్లైడ్ల మీద నేర్చుకోవాల్సి రావడం నాకు కష్టంగా ఉంది.

నేర్పేవారు లేరన్న మాట నిజం కాదు. డ్రాయింగ్, టైలరింగ్ లోయర్ గ్రేడ్ పాసైన వారికి ప్రభుత్వ పరీక్షల విభాగం ఆధ్వర్యంలో 42 రోజుల టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ కోర్సు వేసవిలోనే జరుగుతుంది. ఆ కోర్సులో బోధించే వారిని, ఉన్నత పాఠశాలల డ్రాయింగ్ మాస్టర్లను మా శిక్షణకు ఒక రోజు పిలవడానికి కొత్త వ్యవస్థ ఏదీ అక్కర్లేదు. 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం, సీసీఆర్‌టీ, ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులోనే ఉంది. అక్కడికి వెళ్లొచ్చిన మా స్కూల్ కాంప్లెక్సు (చుట్టుపక్కల బడుల సమూహం) టీచరు ఒకామె అక్కడ నేర్చుకున్న చేతి తొడుగు బొమ్మతోనే ఈనాటికీ ఒకటో తరగతిలో కథలు చెబుతున్నారు. విద్యా హక్కు చట్టం కళా విద్యకు పార్ట్‌టైమ్ బోధకులను ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వంద మందికి మించి పిల్లలున్న బడులకే నిర్దేశించింది. కాబట్టి ఒకటి నుంచి అయిదు వరకు అక్షరమైనా, బొమ్మయినా, పాటయినా నేర్పాల్సింది ఆ ఒక్క ఎస్జీటీయే.

అందుచేత రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలికి నా విన్నపం ఇది. అయిదు రోజుల వేసవి శిక్షణలో రెండు పూర్తి రోజులను చదవడం, రాయడంతో ముడిపడిన కళలకు ఇవ్వండి. ఆ రెండు రోజులూ ప్రొజెక్టరు ఆపి, కాగితం, రంగులు, డప్పు, బొమ్మలు మా చేతికి ఇవ్వండి. మేము చేసిన వాటిని తరగతిలో వాడి, పిల్లలు వేసిన బొమ్మలను, వాటి కింద రాసిన వాక్యాలను వెంట తీసుకుని మొదటి కాంప్లెక్సు సమావేశానికి రమ్మనండి. నమోదు పట్టికల గురించి ఎలాగూ కాంప్లెక్సు సమావేశాల్లో మాట్లాడుకుంటాం, వాటికి ఎండల్లో నాలుగు రోజులు అక్కర్లేదు. వేసవి సెలవుల్లో పనిచేసిన రోజులకు దామాషాగా రావలసిన సంపాదిత సెలవు ఉత్తర్వులను కూడా శిక్షణ ఉత్తర్వుతో పాటే ఇస్తే, వాటి కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

శిక్షణ పుస్తకాలైన మాడ్యూళ్లు అచ్చుకు వెళ్లాక మార్పులకు తావుండదు గనుక, వచ్చే వేసవి మాడ్యూళ్ల రచనకు కూర్చునే బృందంలో ఒక డ్రాయింగ్ మాస్టరును, ఒక జానపద కళాకారుడిని, ఒకటో తరగతి చెప్పే ఒక ఎస్జీటీని ఇప్పుడే చేర్చాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
సిద్దిపేట జిల్లా