మావా, రిసీవర్ కొనే ముందు ఇది చదువు

రేయ్ మావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. మొగల్రాజపురం ఫ్లాట్‌లోకి మారిపోయారు, హాల్లో కొత్త టీవీ పెట్టేశారు, ఇక సౌండ్‌కి ఏ రిసీవర్ (అదే, టీవీ సౌండ్ తీసుకుని స్పీకర్లన్నిటికీ పంపే ఆంప్ పెట్టె) కొనాలో నువ్వే చూడరా అన్నావ్ కదా, ఫోన్లో చెప్తే సగం ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోతుంది అందుకే కూర్చుని రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, డబ్బులు పెట్టేది ఇద్దరూ కదా.

ముందు ఆ వాట్స్ గోల వదిలెయ్. షాపులో వాడు వెయ్యి వాట్స్ అని అట్టపెట్టె మీద వేలు పెట్టి చూపించాడన్నావ్ చూడు, అది పీఎంపీవో లెక్క, అంటే ఒక్క క్షణం వస్తుందని చెప్పుకునే గరిష్ఠం, దానికి ఇంట్లో వినే సౌండ్‌కి సంబంధం లేదు. స్పెసిఫికేషన్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది చదవాలి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానల్స్ (అంటే రెండు స్పీకర్ల లైన్లు) నడుస్తుంటే, డిస్టార్షన్ (సౌండ్ చెడడం) 0.1 శాతం లోపు అని రాసి ఎన్ని వాట్స్ ఇచ్చాడో అదీ అసలు నంబర్. యమహా ఆర్‌ఎక్స్-వి385 రిసీవర్ ఉందిగా, దానికి ఆ లెక్కలో 6 ఓమ్స్ స్పీకర్ మీద 70 వాట్స్, మీ హాలుకి అది ఎక్కువే. పైగా వాట్స్ డబుల్ అయినా పెరిగేది 3 డెసిబెల్సే, అదే 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అన్నే వాట్స్‌కి ఎంత గట్టిగా మోగుతుందో ఆ లెక్క) ఉన్న స్పీకర్ బదులు 90 ఉన్నది తీసుకున్నావనుకో ఆ తేడా ఆంప్ మార్చకుండానే వచ్చేస్తుంది. అందుకే రిసీవర్‌కి బడ్జెట్‌లో సగం దాటనివ్వకు, మిగతాది స్పీకర్లకీ, బేస్ కోసం పెట్టే సబ్ ఊఫర్‌కీ ఉంచు.

అట్మాస్, అదే పైనుంచి కూడా సౌండ్ వచ్చే డాల్బీ పద్ధతి, కావాలా అని అడిగావ్. నా మాట విను, వద్దు. దానికి 5.1.2 (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్, పైన రెండు) పెట్టాలంటే ఏడు ఛానల్స్ ఉన్న రిసీవర్ కావాలి, పైన రెండు స్పీకర్లు కావాలి, అద్దింట్లో స్లాబుకి కన్నాలు పెడితే ఓనర్ గారు ఊరుకుంటారా? అదే డబ్బుతో పైన రెండూ లేని మంచి 5.1 వస్తుంది, ముఖ్యంగా టీవీ దగ్గర మధ్యలో పెట్టే మంచి సెంటర్ స్పీకర్ వస్తుంది. సినిమాలో మాటలు దాదాపు అన్నీ దాంట్లోంచే వస్తాయి రా. మీ నాన్నగారు డైలాగ్ వినపడట్లేదని సౌండ్ పెంచడం, ఫైట్ రాగానే అమ్మ తగ్గించమనడం, ఈ గొడవంతా సెంటర్ లెవెల్ ఒక 2, 3 డెసిబెల్స్ పెంచితే చాలావరకు పోతుంది.

రిసీవర్ పెట్టెలో సౌండ్ కొలిచి సెట్ చేసే మైక్ వస్తుందో లేదో తప్పకుండా అడుగు, ఇది నేను అస్సలు రాజీపడని విషయం. బాగా కింది మోడల్స్ కొన్నిటికి రాదు. ఈ మైక్‌తో సెట్ చేసుకోవడాన్ని యమహా వాళ్లు వైపావో అంటారు, డెనాన్‌లో ఆడిసీ. నువ్వు కూర్చునే చోట చెవి ఎత్తులో మైక్ పెడితే ఒక్కో స్పీకర్ నుంచి బుయ్యి బుయ్యిమని సౌండ్ వదిలి, దూరం ఎంత, ఎవరి లెవెల్ ఎంత అని అదే చూసుకుంటుంది. ఆ కాసేపూ ఫ్యాన్, ఏసీ ఆపెయ్యాలి, బెజవాడ ఎండల్లో చెమటలు కారతాయి, అయినా ఆపు, లేకపోతే ఆ హోరు కూడా కొలతల్లో కలుస్తుంది. అయ్యాక మెనూలోకెళ్లి స్పీకర్లన్నీ స్మాల్ అని, క్రాసోవర్ (ఏ హెర్ట్జ్ కింది బేస్ సబ్ ఊఫర్‌కి పోవాలో ఆ గీత) 80 హెర్ట్జ్ అని ఉన్నాయో లేదో చూడు, లార్జ్ అని పెట్టేస్తే మార్చు, బరువైన బేస్ మొయ్యాల్సింది సబ్ ఊఫరే. మీ టైల్స్ ఫ్లోర్, బోడి గోడలు బాగా మోగుతాయి కాబట్టి ఒక దళసరి కార్పెట్, కర్టెన్లు కూడా వేయించు, ఆ మోత తగ్గించడంలో ఏ మైకూ వాటికి సాటి రాదు.

కనెక్షన్ సంగతి త్వరగా చెప్పేస్తా. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటుంది, టీవీ సౌండ్ దాంట్లోంచే రిసీవర్‌కి వెళ్తుంది, ఓటీటీలో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ సౌండ్‌కి అది చాలు, దాని పై రకం ఈ-ఏఆర్‌సీ, బ్లూరే డిస్కుల్లో ఉండే లాస్‌లెస్ (ఏమీ తగ్గించని) ఆడియో కోసం. సెకండ్ హ్యాండ్ రిసీవర్ చూస్తే మాత్రం హెచ్‌డీసీపీ 2.2 (కాపీ చెయ్యకుండా వేసే లాక్‌ని చదివేది) ఉందో లేదో కనుక్కో, లేకపోతే ఆ లాక్ ఉన్న 4కె బొమ్మ దాని గుండా రాదు.

ఇంకోటి, అమెరికా నుంచి మీ బావ పంపుతానన్న పీసు వద్దని చెప్పు. అక్కడ 120 వోల్ట్స్, మనకి 230. బరువైన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, పాడైతే ఇక్కడ వారంటీ ఉండదు. ఇక్కడి బిల్లు, దానిమీద సీరియల్ నంబర్, అంతే.

రిసీవర్ వచ్చాక దాన్ని టీవీ యూనిట్ అరలో ఇరికించకు, పైన జానెడు ఖాళీ ఉండాలి, సెట్ టాప్ బాక్స్ దానిమీద ఎక్కించకు, వేడికి చస్తుంది. వైర్ బిగించేటప్పుడు రాగి పోగులు వేళ్లతో గట్టిగా మెలితిప్పి దూర్చు, ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. ప్లస్ మైనస్ ఒక్క స్పీకర్‌కి తారుమారైనా బేస్ పల్చబడుతుంది, ఎర్రగీత ఉన్న వైరు అన్నిచోట్లా ఎర్ర టెర్మినల్‌కే.

హాలు పొడవు, వెడల్పు, సోఫా గోడకి ఎంత దూరంలో ఉందో కొలిచి పంపు, ఎన్ని మీటర్ల వైర్ కావాలో లెక్కేసి చెప్తా. వచ్చే ఆదివారం గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరతా, అప్పటిదాకా ఎవడికీ అడ్వాన్స్ ఇవ్వకు.

నీ మావ