పావురాలకు వల కట్టండి, ఉరి వేయకండి

సంపాదకులకు,

విశాఖలో అపార్ట్‌మెంట్లు పెరిగేకొద్దీ బాల్కనీల్లో పావురాల బెడదా పెరుగుతోంది. వాటి రెట్టల పొడి పీల్చితే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. జనం విసిగిపోవడాన్ని తప్పుపట్టను. నా బాధల్లా ఆ విసుగులో చేస్తున్న పనుల గురించే. మా వీధిలో ఒక ఫ్లాట్‌కు వదులుగా కట్టిన నైలాన్ వలలో పావురం చిక్కుకుంది. దారం వేళ్ల చుట్టూ బిగిసి చర్మంలోకి దిగింది. కత్తెరతో విడిపించేసరికి వేళ్లు నల్లబడిపోయాయి.

వల బిగుతుగా, అంచుల్లో సందు లేకుండా కట్టించండి. ముందుగా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక గూడు ఉందేమో చూడండి. గుడ్లు పొదగడానికి సుమారు 18 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో నెల పడుతుంది. దయచేసి అంతవరకు ఆగండి. రెట్టలను పొడిగా ఊడ్చకుండా, నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి. జిగురు, విషం అసలే వద్దు. జిగురుకు పిచుకలూ అంటుకుంటాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పక్షులకూ వర్తిస్తుంది.

మేడల మీద గింజలు చల్లేవారికీ ఒక మాట. తిండి దండిగా దొరికితే పావురాలు ఏడాది పొడవునా గుడ్లు పెడతాయి. అంటే బెడదను పెంచేది మనమే. గోరింక సంగతీ అంతే: మన గోరింకను 1860లలో పురుగులు తింటుందని ఆస్ట్రేలియా తీసుకెళ్లారు. ఇప్పుడక్కడ అదే పెద్ద తలనొప్పి. తప్పు ఆ పక్షిదా?

కొత్త భవనాల్లో ఏసీ అరుగులు, సన్‌షేడ్లు పక్షి నిలవలేనంత ఏటవాలుగా ఉండాలని ప్లాన్ ఆమోదించేటప్పుడే జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) షరతు పెట్టాలి.

– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం