కీబోర్డు అడాప్టర్ల విషయంలో తప్పు మాదే, మార్చి ఇస్తున్నాం

పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డు మీద వేళ్లు అలవాటైపోయి, మా దగ్గర పీఎస్/2 (పాతకాలపు గుండ్రటి పిన్నుల ప్లగ్గు) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టరు కొన్న డీటీపీ సెంటర్ల వారికి, ప్రెస్సుల వారికి, దస్తావేజు రైటర్లకు ఈ మాట.

ఒక అక్షరం నొక్కితే వరసగా పడిపోవడం, షిఫ్ట్ వదిలినా వదలనట్టే ఉండిపోవడం మీ కీబోర్డు లోపం కాదు. కంప్యూటరు ఫార్మాట్ చేయించక్కర్లేదు. ఈమధ్య వచ్చిన లాటులో అడాప్టర్లే బాగాలేవు.

విప్పి చూశాం. పైన డబ్బా, ఊదా ఆకుపచ్చ సాకెట్లు అన్నీ పాత లాటులాగే ఉన్నాయి. లోపల పాత దాంట్లో కాళ్లున్న చిప్, క్రిస్టల్, చిన్న రెసిస్టర్లు, కెపాసిటర్ ఉండేవి. కొత్త దాంట్లో బోర్డు మీద ఒక నల్లటి లక్క చుక్క (చిప్ దాని కిందే), నాలుగు వైర్లు, అంతే. క్రిస్టల్ లేకపోవడం తప్పు కాదు, అది లేకుండా నడిచే చిప్‌లున్నాయి. రెసిస్టర్లు తీసేయడమే కొంప ముంచింది.

కీబోర్డు నుంచి క్లాక్, డేటా అని రెండు లైన్లు వస్తాయి. కీబోర్డయినా అడాప్టరయినా వాటిని కిందికి లాగగలవే గాని పైకి నెట్టలేవు. మళ్లీ 5 వోల్టులకు ఎత్తేది రెసిస్టరే. అది లేకపోతే లైను నెమ్మదిగా లేస్తుంది, కేబుల్ పొడవైతే ఇంకా ఆలస్యం, బిట్లు తప్పుగా చదవబడతాయి. ఇంగ్లిష్ ‘ఎ’ నొక్కితే 1సీ అనే కోడ్ వస్తుంది, వదిలితే ఎఫ్0, దాని వెనక మళ్లీ 1సీ. ఆ ఎఫ్0 ఒక్కటి పోతే చాలు, మీరు వేలు తీయలేదనే అడాప్టరు అనుకుంటుంది. కొన్ని కీబోర్డుల్లో లోపలే ఈ రెసిస్టర్లు ఉంటాయి. పక్క షాపులో బాగా నడిచింది మీ దగ్గర నడవకపోవడానికి కారణం ఇదే.

సరుకు వేసిన హోల్‌సేలరుకు ఫొటోలు పెట్టాం. “ఏటి బాబూ, ఇంత చిన్న సరుక్కి అంత గోలా? అందరూ ఇవే అమ్ముతున్నారు” అన్నారు. వెనక్కి తీసుకోలేదు. అందరూ అమ్మితే మేమూ అమ్మాలని లేదు. ఆయన దగ్గర ఇక అడాప్టరు కొనం.

మిగిలిన సరుకు పారేసి అందరికీ డబ్బులిచ్చేయాలా, బాగుచేయాలా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. డబ్బా జిగురుతో అతికించి ఉంది, విప్పితే పగులుతుంది. మళ్లీ మూసేందుకు హీట్ ష్రింక్ ట్యూబు తొడగాలి, చూడ్డానికి బాగోదు. “డూప్లికేటు అమ్మారు” అన్న మాట ఇప్పటికే మా చెవిన పడింది, మనసు చివుక్కుమంది. మళ్లీ రిపేరు సరుకు అంటగట్టారంటారేమో అని భయం. అయినా బాగుచేయడానికే నిశ్చయించుకున్నాం. లోపమేంటో తెలిశాక చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాలేదు.

చేసేది ఇది: కీబోర్డు పెట్టే గుండ్రటి సాకెట్లో 4వ పిన్ను (5 వోల్టులు) నుంచి 5వ పిన్ను (క్లాక్)కు ఒక 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 4 నుంచి 1 (డేటా)కి ఇంకొకటి. 4కీ 3కీ (గ్రౌండ్) మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్. సొంతంగా చేసుకునేవారు వైర్ల రంగులు నమ్మొద్దు, మల్టీమీటరుతో యూఎస్‌బీ మొన నుంచి కంటిన్యుటీ చూసుకోండి. సాకెట్‌ను వెనక నుంచి చూస్తే పిన్నుల వరస తిరగబడుతుంది, చాలామంది పొరపడేది అక్కడే.

తర్వాత క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోందా, తీసి మళ్లీ పెడితే పట్టుకుంటోందా, పది నిమిషాలు ఆపకుండా టైపు చేస్తే ఏదైనా అక్షరం ఇరుక్కుంటోందా చూస్తాం. రెసిస్టర్లు వేసినా దారికి రాని చిప్‌లు కొన్ని ఉన్నాయి. వాటికి పూర్తి డబ్బు వాపసు.

చిప్పే లేకుండా పిన్నుకు పిన్ను కలిపిన బొటనవేలంత అడాప్టర్లు ఇక అమ్మం. అవి పీఎస్/2గానూ యూఎస్‌బీగానూ పనిచేసేలా తయారైన కీబోర్డులకే పనికొస్తాయి, పాత గోల్డ్‌కు కాదు.

ఇప్పటికే కొన్నవారికి ఉచితం. కొత్తగా కొనేవారికి 50 రూపాయలు ఎక్కువ పడుతుంది, అది సోల్డరింగ్ పనికి. పలాస, టెక్కలి వైపు వారు ఆర్టీసీ కార్గోలో పంపండి, తిరుగు ఖర్చు మాది. అడాప్టరు ఒక్కటే కాకుండా కీబోర్డు కూడా పెట్టండి, ఏ కీ ఇరుక్కుంటోందో చీటీ మీద రాయండి.