నేత్రాణి ట్రిప్: వచ్చేవాళ్లు ఒకసారి చదవండి

అందరికీ నమస్తే. మళ్లీ గోవానా అన్నారుగా, ఈసారి స్కూబా డైవింగ్‌కి (గాలి సిలిండర్ కట్టుకుని నీటి లోపలికి దిగడం) నేత్రాణి పోదాం. కర్ణాటకలో మురుడేశ్వర్ ఒడ్డు నుంచి సముద్రంలోకి సుమారు 19 కిలోమీటర్లు. చిన్న దీవి, పైనుంచి చూస్తే గుండె ఆకారం. పడవలో గంటన్నర దాకా పడుతుంది. అసలు కష్టం డైవింగ్ కాదు, ఈ పడవే! ఇంతకుముందు నేను వెళ్లినప్పుడు కడుపులో తిప్పేసి, దీవి కనిపించినా తల ఎత్తలేకపోయా. పొద్దున్నే పూరీలు లాగించకండి, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర ముందే వేసుకోండి.

ఈత రాకపోయినా పర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు. కిందికి దిగేటప్పుడు నీటి ఒత్తిడికి చెవులు బిగుస్తాయి. నొప్పి రాకముందే ముక్కు మూసి మెల్లగా ఊదాలి. జలుబు ఉంటే దిగొద్దు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే పేరివ్వండి. డైవ్ తర్వాత 18 గంటలైనా విమానం ఎక్కకూడదు, అందుకే తిరుగు ప్రయాణం రైల్లోనే.

వానాకాలం పడవలు నడవవు కాబట్టి జనవరి అనుకుంటున్నా. ఆదివారంలోగా చెప్పండి. నీళ్లంటే భయమున్నవాళ్లకి ఒడ్డునే 123 అడుగుల శివుడున్నాడు, దర్శనం చేసుకోవచ్చు.