వెనక సీటును కూడా కొలవండి

సంపాదక మహాశయులకు,

గత ఆదివారం మీ పత్రిక వాహనాల పేజీలో పొడవాటి వీల్‌బేస్ ఉన్న ఖరీదైన సెడాన్ల (వెనక డిక్కీ విడిగా ఉండే కార్ల) గురించి వచ్చిన వ్యాసం చదివాను. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఉండే దూరమే వీల్‌బేస్ అని సులువుగా విడమర్చి చెప్పారు. అయితే అది పెరిగితే వెనక సీటులో దొరికే కాళ్లు చాపుకునే చోటు డ్రైవరును పెట్టుకోగలిగిన వారి వైభవమన్నట్టుగా ఆ వ్యాసం సాగడం నాకు సమ్మతంగా లేదు. మా నల్లగొండ జిల్లాలో కారు కొనుక్కునే, కిరాయికి మాట్లాడుకునే ఇళ్లలో చాలామందికి ముందుగా కావలసింది వెనక సీటే, ఎందుకంటే ఆ కారెక్కి హైదరాబాదు ఆస్పత్రులకు వెళ్లేది ఎక్కువగా ఇంట్లోని పెద్దవాళ్లు.

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. కుడి మోకాలు సగానికి మించి వంగదు. కారెక్కేటప్పుడు మొదట వెనక సీటు అంచున పక్కకు తిరిగి కూర్చుని, తలుపు పైనున్న పిడి పట్టుకుని, ఎడమ కాలు లోపల పెట్టి, ఆ తర్వాత కుడి పిక్కను రెండు చేతులతో ఎత్తి లోపలికి తెచ్చుకుంటుంది. ప్రతిసారీ కాలి బొటనవేలు రెండు తలుపుల మధ్య ఉండే కమ్మికి తగిలి చెప్పు బయట పడిపోతుంది. చిట్యాల దాటకముందే కాలు తిమ్మిరెక్కిందంటుంది. ముందు సీటు జరుపుదామంటే అక్కడ కూర్చున్న నా మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనుకుంటాయి. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు మర్రిగూడ, మునుగోడు వైపు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల అవస్థ ఇంతకంటే ఎక్కువే.

దేశాన్ని బట్టి కారును సాగదీయడం కంపెనీలకు తెలియని విద్య కాదు. పెద్దలనూ అతిథులనూ వెనక కూర్చోబెట్టే చైనాలో ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ సంస్థలు ఎన్నో ఏళ్లుగా తమ సెడాన్లను అక్కడికోసం ప్రత్యేకంగా పొడిగించి అమ్ముతున్నాయి. మన దేశంలో 2017లో వచ్చిన మెర్సిడెస్ ఈ-క్లాస్‌కు మామూలు దానికంటే 140 మిల్లీమీటర్లు, 2021లో వచ్చిన బీఎండబ్ల్యూ 3 సిరీస్ గ్రాన్ లిమోసిన్‌కు 110 మిల్లీమీటర్లు వీల్‌బేస్ పెరిగింది. అంటే బెత్తెడు, అంతకు కాస్త ఎక్కువ. ఆ బెత్తెడు కోసం నేలను, పైకప్పును, వెనక తలుపును పొడిగించాలి, బాడీకి బలం చేకూర్చాలి, కొత్త అచ్చులు చేయించాలి. ఖర్చు నిజమే, కానీ తలుపు పొడవైతే కాలు లోపల పెట్టడమే తేలికవుతుంది. మా అమ్మలాంటివారికి లోపలి చోటు కంటే ముందు కావలసింది అదే.

చిన్న సెడాన్ల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకు 1200, డీజిలుకు 1500 సీసీల లోపు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. 2007లో ఇండిగో ఎక్స్‌ఎల్ కోసం వీల్‌బేస్‌ను 200 మిల్లీమీటర్లు, అంటే దాదాపు జానెడు, సాగదీసిన టాటా సంస్థే ఆ సుంకం తగ్గింపు కోసం మరుసటి ఏడాది అదే ఇండిగోను తోక కత్తిరించి 3988 మిల్లీమీటర్లకు దించింది. 2008లో 4160 మిల్లీమీటర్లున్న మారుతి డిజైర్ 2012లో 3995కు వచ్చింది. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి: ఆ డిజైర్ వీల్‌బేస్ తగ్గలేదు, 40 మిల్లీమీటర్లు పెరిగింది, కోత పడింది డిక్కీకి. ఇంజను, రెండు వరసల మనుషులు, సామాను అన్నీ నాలుగు మీటర్లలోనే సర్దాలి కాబట్టి మోకాళ్లకు చోటిస్తే మూటలకు తగ్గుతుంది, మూటలకిస్తే మోకాళ్లకు తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పొడవు, ఇంజను పరిమితుల లోపలి పెట్రోలు, డీజిలు కార్లకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. ఇంత తేడా ఉన్నప్పుడు కంపెనీ ఆ బెత్తెడు ఎలా ఇస్తుంది? పన్నును బండి పొడవుతో ముడిపెట్టే పద్ధతిని ప్రభుత్వం మళ్లీ ఆలోచించాలని నా విన్నపం.

వీల్‌బేస్ అంకె ఒక్కటే చూసి కొన్నా మోసపోతాం. మేము కిరాయికి మాట్లాడుకున్న రెండు కార్లకు వీల్‌బేస్ దాదాపు ఒకటే అయినా, దర్జీ టేపుతో కొలిస్తే మోకాలి ముందు చోటులో మూడు వేళ్ల తేడా వచ్చింది. ముందు సీటు వీపు ఎంత మందంగా ఉంది, వెనక సీటు నేలకు ఎంత ఎత్తులో ఉంది అన్నది కూడా అంతే ముఖ్యం. కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో కింద బ్యాటరీ ఉండడం వల్ల నేల ఎత్తై, మోకాళ్లు పైకి లేచి, తొడల కింద ఆధారం లేకుండా పోతుంది. నూరు కిలోమీటర్లు అలా కూర్చుంటే నడుము పట్టేస్తుంది.

కనుక కారును పరిచయం చేసే ప్రతిసారీ ఇంజను శక్తి, మైలేజీలతో పాటు మరి రెండు కొలతలు అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. ఒకటి, ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపినప్పుడు దాని వీపుకూ వెనక సీటు వీపుకూ మధ్య దూరం. రెండోది, వెనక తలుపు తెరిచినప్పుడు కింది భాగంలో, కాలు పెట్టే చోట, ఎంత వెడల్పు దొరుకుతుందో అది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ