అమ్మ పద్దుల్లో మా బాల్యం

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఒక పెద్దమనిషి తన చిన్ననాటి బెజవాడ గురించి రాసుకున్నది చదివాను. పొద్దున్నే చద్దన్నం తిని వీధిలో పడితే మళ్ళీ దీపాలు పెట్టేవేళకే ఇల్లు చేరేవాళ్ళమని, ఎవరి పిల్లాడు ఎవరింట్లో తిన్నాడో కూడా తెలిసేది కాదని, ఇప్పటి పిల్లలకి ఆ భాగ్యం లేదని ఆయన బాధ. చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది. పేపరు తీసుకెళ్ళి మా కోడలికి చూపించి, "చూడమ్మా, మేం ఇలా పెరిగాం" అన్నాను. అంతకు ముందురోజే మా మనవరాలు కొట్టుకెళ్ళి రూళ్ళ పుస్తకం కొనుక్కుంటానంటే తను వద్దంది లెండి. పదేళ్ళ పిల్ల, రోడ్డు దాటితే కొట్టు. కోడలు ఏమీ అనలేదు. మనవరాలే అడిగింది: "తాతయ్యా, అప్పుడు ఫోన్లు లేవు కదా, నువ్వు కనపడకపోతే మీ అమ్మ ఏం చేసేది?"

"అక్కని పంపేది" అన్నాను.

అనేశాక నాకే ఎలాగో అనిపించింది. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

నేను 1959లో బెజవాడ సత్యనారాయణపురంలో పుట్టాను. నాన్న రైల్వేలో గుమాస్తా. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట అప్పుడు రైలు పట్టాలుండేవి. పట్టా మీద పైసా బిళ్ళ పెట్టి, బండి వెళ్ళాక రేకులా సాగిన బిళ్ళని వేడి ఆరకముందే ఏరుకోవడం మాకు పండగ. అక్కడి నుంచి నడుచుకుంటూ ఏలూరు కాలువ గట్టుకి. వేసవిలో కట్టేసిన కాలువలకి జూన్‌లో బ్యారేజీ దగ్గర కొత్తనీరు వదిలారని తెలిస్తే చాలు, మునిగిపోకుండా నడుముకి జీలుగుబెండ్లు కట్టుకుని ఆ బురదనీళ్ళలో దూకేవాళ్ళం. కట్టెల పడవ ఏదైనా వస్తే దాని వెనక వేలాడుతూ కొంతదూరం పోయేవాళ్ళం. నలభై ఏళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. బ్యాంకులో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, ఇప్పుడు మనవరాలికి చెబుతున్నాను. నలుగురు స్నేహితులం అని మొదలుపెడతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు అజిత్‌సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు అక్కావాళ్ళ ఇంట్లో మంచాలు, బీరువా, ఫ్రిజ్ అన్నీ పోయాయి. అటక మీదున్న ఇనప్పెట్టె ఒక్కటే తడవలేదు. అందులో అమ్మ రాసిన పద్దుల పుస్తకాలున్నాయి. "ఇంక నా దగ్గర ఉంచలేనురా, నువ్వు పట్టుకుపో" అని అక్క నాకిచ్చేసింది. అమ్మ చదివింది ఐదో తరగతే. నాన్నకి ఆఫీసులో ఇచ్చే డైరీలు తనే వాడుకునేది. పెన్సిలుతో రోజుకి నాలుగైదు పద్దులు: పాలు, కూరలు, కిరసనాయిలు, చాకలి. 1967 నుంచి 1973 దాకా ఏడు డైరీలు మిగిలాయి. పాత ధరలు చూసి నవ్వుకోవడానికి తెరిచాను.

"బుజ్జి తలకి కుట్లు 4-00. రిక్షా 0-75." బుజ్జి అంటే నేనే. "బుజ్జి కాల్లో మేకు, ఇంజెక్షను 2-00." "కుక్క సూదులకి రిక్షా, 14 రోజులు, 7-00." ముప్పై మూడేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, లెక్కపెట్టకుండా ఉండలేను. ఏడు డైరీల్లో నా ఒక్కడి దెబ్బల పద్దులే ముప్పై ఒకటి తేలాయి. కుక్క సూదులంటే ఈ తరానికి తెలియదు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పొడిచేవారు. గొర్రె మెదడుతో తయారయ్యే ఆ మందుని మన దేశంలో 2004 చివర్లో గానీ ఆపలేదు. ఆ సూదుల్ని నేను కిక్కురుమనకుండా వేయించుకున్నానని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. నన్ను పట్టుకోడానికి ఇద్దరు కాంపౌండర్లు కావలసి వచ్చేదని అక్క అంటుంది.

1968 జూన్ డైరీలో ఒక పద్దు: "కాలవ దగ్గర వెతికినవాళ్ళకి టీ 1-20."

ఈ సంగతి నేను మర్చిపోయానని చెబితే అబద్ధం. కాలువకి వెళ్ళేది ఐదుగురం. ఐదోవాడు మా వరసలో చివరింటి పిల్లాడు, నాకన్నా ఏడాది చిన్న. ఆ రోజు వాడికి బెండు కట్టలేదు. సాయంత్రానికి చాలా దూరాన దొరికాడు. ఆ ఎండాకాలం వెళ్ళేలోపే వాళ్ళ నాన్న బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. మేం నలుగురం మళ్ళీ ఏడాది అదే కాలువలో దూకాం. "నలుగురు స్నేహితులం" అని చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. కథ బాగుండాలంటే అలాగే చెప్పాలి మరి.

"మేం బతకలేదా" అని మా వయసువాళ్ళు అంటూంటారు. బతికినవాళ్ళమే కదా అంటున్నది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండా పోయేవారు. 2020 నాటికి అది 28. మా అమ్మకే ఆరుగురు పుడితే నలుగురం మిగిలాం, దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. మా తరగతిలో కాళ్ళకి ఇనప పట్టీలు కట్టుకుని వచ్చే పిల్లలు ఇద్దరుండేవారు. మా మనవరాలి బడిలో అలాంటి పిల్ల ఒక్కరూ లేరు. పోలియో అంటే ఏమిటని నన్నే అడిగింది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల ఆ జబ్బు ఎవరికీ రాలేదు.

1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమంలో బళ్ళు మూసేస్తే మాకు ఎంత సంబరమో! నెలల తరబడి సెలవులు. ఆ రోజుల డైరీలో కొన్ని చోట్ల పద్దులుండవు. "పిల్లలు నలుగురూ ఇంట్లోనే ఉన్నారు" అని ఒక్క ముక్క ఉంటుంది. డబ్బులతో పనిలేని సంగతిని అమ్మ ఖర్చుల పుస్తకంలో ఎందుకు రాసుకుందో నాకు ఇప్పుడు అర్థమైంది.

మనవరాలి ప్రశ్న అయ్యాక అక్కకి ఫోన్ చేశాను. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. "మన చిన్నప్పుడు ఎంత స్వేచ్ఛగా తిరిగాం కదే" అన్నాను. "నువ్వు తిరిగావురా, నేను నిన్ను వెతికాను" అంది. పదమూడేళ్ళ పిల్ల సాయంత్రం పూట పట్టాల వెంట, గట్టు వెంట కేకలేసుకుంటూ తిరిగేది. నేను దొరకకపోతే తిట్లు తనకే. అక్క ఆడిందల్లా ఇంటి అరుగు మీద అష్టాచెమ్మా, వామనగుంటలు. అక్కడ కూర్చుంటే నేను వచ్చేదీ పోయేదీ కనిపిస్తుందని.

ఆ మాటల్లోనే ఇంకో పద్దు గురించి అడిగాను. ప్రతినెలా మొదటివారంలో "సంగీతం మాష్టారికి 5-00" అని ఉంటుంది. 1969 ఫిబ్రవరి దాకా ఉంది, మార్చి నుంచి లేదు. మార్చిలో దాని బదులు "అమ్మాయికి అల్లిక దారం 1-50" అని ఉంది. అక్కకి పాట మీద మోజు పోయి అల్లికల్లో పడిందని మేమంతా అనుకునేవాళ్ళం. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఎక్కువ చెప్పలేదు, నేనూ అడగలేదు. అమ్మకి చెబితే అమ్మ "సరే, ఇంక వెళ్ళొద్దు" అందట. నాన్నకి తెలియదు. రెండేళ్ళ తర్వాత ఆ మాష్టారు కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికి వస్తే అమ్మ కాఫీ ఇచ్చింది. గ్లాసు కడిగింది అక్క. అది చెప్పేటప్పుడే తన గొంతు మారింది.

"మా రోజుల్లో ఇలాంటివి ఉన్నాయా" అని నేను ఎన్నిసార్లు అన్నానో. బ్యాంకులో నెలాఖరు స్టేట్‌మెంట్లో ఒక గడి ఖాళీగా వదిలేస్తే పైఆఫీసువాళ్ళు తిప్పి పంపేవారు. ఏమీ లేకపోతే "నిల్" అని రాయాలి. నిల్ అంటే చూశాం, లేదు అని. ఖాళీ అంటే ఎవరూ చూడలేదని. మా బాల్యం లెక్కల్లో ఈ గడి ఖాళీగా ఉంది. దాన్ని నేను ఇన్నేళ్ళూ నిల్ అని చదువుకున్నాను. పిల్లల మీద జరిగే ఈ నేరాలకి ప్రత్యేకంగా పోక్సో అనే చట్టం వచ్చిందే 2012లో. అంతకు ముందు, 2007లో నివేదిక వచ్చిన ఒక సర్వేలో, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో పిల్లల్ని అడిగి చూస్తే, సగం మందికి పైగా ఏదో ఒక రూపంలో ఇది ఎదురైందని చెప్పారు. అలా చెప్పినవాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. చేసినవాళ్ళలో సగం మంది ఆ పిల్లలకి తెలిసినవాళ్ళే. నాయనమ్మ మమ్మల్ని గోనెసంచీవాడి గురించి, వంతెన కట్టేటప్పుడు పిల్లల్ని బలిస్తారన్న కబుర్లతో భయపెట్టేది. సంగీతం మాష్టారి గురించి ఎవరూ భయపెట్టలేదు.

ఇంతా చెప్పి, మీ పెద్దమనిషి రాసిందంతా తప్పనడం లేదు. వీధి విషయంలో ఆయన మాటే నిజం. 1970లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు దాదాపు 14,500 మంది. 2022లో 1,68,491. జనం పెరిగారు, బళ్ళు అంతకన్నా పెరిగాయి, అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయినా మా వీధిలో గంటకి రెండు రిక్షాలు పోయేచోట ఇప్పుడు రోడ్డు దాటడానికి నేనే రెండు నిమిషాలు నిలబడతాను. కోడలు పిల్లని కొట్టుకి పంపనన్నది ఎవరో ఎత్తుకెళ్తారన్న టెన్షన్‌తో. నేనైతే బళ్ళకి భయపడతాను. మరి ఆ భయం ఉన్న నేను రోజూ ఏం చేస్తున్నాను? పిల్లని స్కూటరెక్కించుకుని, తలకి ఏమీ లేకుండా, బెంజి సర్కిల్ మీదుగా బడికి దింపుతున్నాను. నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలని చట్టంలో ఉంది. డైరీలు చదివిన వారానికి గానీ కొనలేదు. ఆ పసుపు రంగు హెల్మెట్ తనకి నచ్చలేదు, అది వేరే గొడవ.

ఇంకోటి కూడా నిజమే. అప్పుడు అరుగుల మీద కళ్ళుండేవి. ఎవరి పిల్లాణ్ణయినా ఎవరైనా గదమాయించేవారు. ఆ కళ్ళు ఎవరివో ఆలోచిస్తే, వంటా వార్పూ అయ్యాక బియ్యం ఏరుకుంటూ అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళవి. మా అక్కవి. వాళ్ళకి వేరే చోటు లేక అక్కడున్నారు. ఇప్పుడు మా కోడలు ఉద్యోగానికి పోతుంది. ఆ అరుగులు తిరిగి రావాలని కోరుకునే మగవాళ్ళం, ముందు మనమే వెళ్ళి కింద కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. రిటైరై నాలుగో అంతస్తులో టీవీ చూస్తున్నవాళ్ళం మా అపార్ట్‌మెంట్లోనే ఆరుగురం ఉన్నాం. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా లోపలి రోడ్డు మీద బళ్ళు ఆపి పిల్లల్ని ఆడుకోనిద్దామని అసోసియేషన్ మీటింగులో అడిగాను. "మరి కార్లెక్కడ పెడతాం" అన్నారు. మళ్ళీ అడుగుతాను. ఈలోగా నేనూ ఇంకొకాయనా కుర్చీలు వేశాం. మనవరాలు ఇప్పుడు కొట్టుకి వెళ్తోంది, మేం చూస్తుండగా.

అధికారులకి ఒక్క మనవి. ఊళ్ళోంచి మూడు కాలువలు పోతున్నాయి. జూన్‌లో నీళ్ళు వదిలే ముందు, పిల్లలు దిగే రేవుల్లో పట్టుకోడానికి గొలుసులు వేయించండి. ఏ రేవుల్లో దిగుతారో ఆ గట్ల మీద ఉన్నవాళ్ళని అడిగితే చెబుతారు. బడి పిల్లలందరికీ ఈత నేర్పించండి, ఆడపిల్లలతో సహా.

పంపేముందు ఈ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. తన సంగతి తీసెయ్యమంటే తీసేస్తానన్నాను. "ఉంచు. పేర్లు మాత్రం వెయ్యొద్దని రాయి" అంది. అందుకని నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను. ఒక దిద్దుబాటు కూడా చెప్పింది. "ఆ జీలుగుబెండ్లు నీవి కావురా. బొమ్మల కొలువులో చెట్లు చెయ్యడానికి నేను దాచుకున్నవి. కాలవలో పోగొట్టుకొచ్చి, కాకెత్తుకుపోయిందని చెప్పావు."

— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ