కరెంటు పోతే అందరూ నాన్న వైపే చూశారు

ఒరేయ్ బావా,

ముందు తిట్టేసెయ్, తర్వాత చదువు. నీ మెయిలు సంక్రాంతి ముందు వచ్చింది, ఇక్కడ ఇప్పుడు ఆవకాయ ముక్కలు కొడుతున్నారు. మధ్యలో రెండు మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. అమ్మ బాగానే ఉంది, షుగరు అదుపులోనే ఉంది. పెద్దదాని పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. రొయ్యల రేటు సంగతి ఎత్తకు, నేనూ ఎత్తను. మీ చెల్లి నిన్ను అడిగానని చెప్పమంది, కువైట్ నుంచి ఈసారి ఆ బాదం డబ్బాలు వద్దంది, ఎందుకో నీకూ నాకూ తెలుసు.

ఇక అసలు సంగతి. మన చిన్నోడు స్టేజీ ఎక్కి నాన్న పోవడం మీద కామెడీ చేశాడురా.

కూర్చునే ఉన్నావు కదా? నాక్కూడా ఆ మాట రాయడానికి చెయ్యి ఆగింది. ఫోన్లో చెబుదామంటే నీకు షిఫ్టు మధ్యలో తగులుతుంది, వాయిస్ మెసేజ్ పెడదామంటే సగంలో గొంతు పట్టేస్తోంది. అందుకే రాస్తున్నాను.

వాడు హైదరాబాద్‌లో ఓపెన్ మైక్‌లకు, అంటే ఎవరైనా స్టేజీ ఎక్కి కాసేపు చెప్పుకునే చోట్లకు, వెళ్తున్నాడని తెలుసు కానీ, ఆఫీసు జోకులేవో చెబుతాడనుకున్నాను. నేను మొన్న పని మీద వెళ్తే 'సాయంత్రం నాతో రా అన్నయ్యా' అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఉంది. పెద్ద పెద్ద బండరాళ్ల మధ్య పాత ఇల్లు, చెట్టు, టీ, సమోసా. అది మొయిద్ హసన్ అనే ఫొటోగ్రాఫర్ ఇల్లట. ఆయన పోయాక ఆయనవాళ్లు దాన్ని అమ్ముకోకుండా 2010లో నాటకాలకీ పాటలకీ మీటింగులకీ తెరిచి పెట్టేశారు. పోయిన మనిషి ఇంట్లో కూర్చుని వీడి మాట విన్నానన్నమాట. ఆ సంగతి తర్వాత తెలిసింది, తెలిశాక ఇంకోలా అనిపించింది.

ఒక్కొక్కరికి అయిదు నిమిషాలే. టైము దగ్గర పడితే వెనక నుంచి ఎవరో ఫోన్ లైటు ఊపుతారు. వీడి కంటే ముందు ఒకబ్బాయి స్విగ్గీ మీద, ఒకమ్మాయి పెళ్లిచూపుల మీద చెప్పారు. తర్వాత మనవాడు. నాన్న పోయిన రోజు వీడు ఏడవలేదని నువ్వే నన్ను పక్కకు పిలిచి 'వాణ్ణి ఏడిపించండిరా, లోపల పెట్టుకుంటే మంచిది కాదు' అన్నావు, గుర్తుందా? పెదనాన్న వచ్చి పట్టుకుని ఊపినా వాడి కంట్లో చుక్క రాలేదు. ఆ మనిషి మైకు పట్టుకుని ఎలా మొదలుపెట్టాడో విను.

'మా నాన్న లైన్‌మేన్. మా వీధిలో కరెంటు పోతే ఎవరూ స్తంభం కేసి చూడరు, మా నాన్న కేసి చూస్తారు. పెళ్లిలో భోంచేస్తున్నా సరే, కరెంటు పోయిందంటే రెండొందల మంది తినడం ఆపేసి ఆయన విస్తరి కేసి చూసేవాళ్లు. ఆయన మాత్రం పెరుగన్నం పూర్తి చేసే లేచేవాడు.'

నాన్నే రా అది! ఆ పెరుగన్నం! జనం నవ్వారు, నేను నవ్వలేదు. నాకు ఆయన చెయ్యి కడుక్కుని లుంగీకి తుడుచుకోవడం కనబడింది.

తర్వాత ఎల్‌సీ గురించి చెప్పాడు. అక్కడున్నవాళ్లంతా సాఫ్ట్‌వేర్ పిల్లలు, వాళ్లకేం తెలుస్తుంది? లైన్‌మేన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకోవాలని, వాళ్లు సప్లై ఆపి, సరే అన్నాకే ఎక్కాలని, ఎల్‌సీ లేకుండా ఎక్కినవాళ్లు మళ్లీ దిగరని చెప్పాడు. 'మా నాన్న ఇంట్లోనూ ఎల్‌సీ తీసుకునేవాడు. అమ్మతో గొడవైతే వంటింట్లోకి ముందు నన్ను పంపేవాడు. ఒరేయ్, వెళ్లి చూసిరా, లైన్ క్లియరా?' మొత్తం పగలబడి నవ్వారు. నాకూ నవ్వు వచ్చేసింది, ఎందుకంటే నన్నూ పంపేవాడు. నిన్ను కూడా పంపాడు ఒకసారి, అట్లకాడ సంఘటన.

అప్పుడన్నాడు, 'మా నాన్న పోయిన శ్రావణంలో పోయారు.'

బావా, అంతమంది ఒక్కసారిగా బిగుసుకుపోయారు. నా ముందు వరసలో ఒకతను టీ గ్లాసు సగం ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. నా గుండె దడదడ. ఇప్పుడేమంటాడు, నాన్నని ఏం చేస్తాడు అని టెన్షన్. వాడు ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, 'ఇంట్లో ఫ్రీజర్ బాక్సు పెట్టారు. ఇంటినిండా జనం. బయట గాలివాన. కరెంటు పోయింది' అన్నాడు. మళ్లీ ఆగాడు. 'అందరూ అలవాటు కొద్దీ మా నాన్న కేసి చూశారు.'

ఆ నవ్వు ఎలా వచ్చిందో నేను రాయలేను. ముందు ఎవరో ఒక్కరు, తర్వాత అందరూ. 'మా పెద్దత్త అయితే బాక్సు దగ్గరికి వెళ్లి, ఏరా తమ్ముడూ, కొంచెం చూడరా అంది.' నేను నవ్వుతూనే ఏడుస్తున్నాను, పక్కనున్న పిల్ల నాకు టిష్యూ ఇచ్చింది.

తర్వాత ఆ ఫోన్ల సంగతి. నాన్న నంబరు వీడి దగ్గరే ఉంది కదా. ఇప్పటికీ వాన పడితే ఊళ్లోంచి ఫోన్ వస్తుంది, 'లైన్‌మేన్ గారూ, ఎప్పుడిస్తారు?' అని. వీడు మొదట్లో 'నాన్న లేరండీ' అనేవాడట. అవతల నుంచి 'వచ్చాక చెప్పండి' అని పెట్టేసేవాళ్లట. ఇప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కుని మళ్లీ వాళ్లకు చెబుతున్నాడు. 'గంటలో వస్తుందటండీ.' ఇది నాకే తెలియదు బావా! అదీ స్టేజీ మీద విన్నాను.

వెనక నుంచి లైటు ఊపారు. వాడు చివరి మాట చెప్పాడు. 'ముప్ఫై ఏళ్ల సర్వీసులో మా నాన్న ఎల్‌సీ తీసుకోకుండా పైకి ఎక్కింది ఒక్కసారే. పోయిన శ్రావణంలో.'

చప్పుడు లేదు. తర్వాత నవ్వు, దాని మీదే చప్పట్లు. వాడు థాంక్యూ అని దిగిపోయి తిన్నగా బండరాళ్ల వెనక్కి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి ఏడుస్తున్నాడురా. ఇన్ని నెలలకు! నేను పట్టుకుని నిలబడ్డాను, ఏమీ అనలేదు. నువ్వుంటే బాగుండేది.

ఒక కుర్రాడు మా కోసం కాచుకుని ఉన్నాడు. బాగా చేశావు అని కూడా అనలేదు. 'మా అమ్మ నంబరు నేనింకా రీచార్జ్ చేయిస్తున్నానన్నా' అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి టీ మీద టీ తాగుతూ కూర్చున్నాం. ఇది ఎక్కడ నేర్చుకున్నావురా అంటే అమెరికాలో టిగ్ నొటారో అనే కమెడియన్ ఆవిడ సంగతి చెప్పాడు. 2012లో కొన్ని నెలల్లోనే ఆవిడకు పేగుల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చి చావు దాకా వెళ్లిందట, అంతలో వాళ్లమ్మ పడిపోయి చనిపోయింది, తోడుగా ఉన్న మనిషితో విడిపోయింది, ఆ మీద రొమ్ము క్యాన్సర్ అన్నారు. క్యాన్సర్ అని తెలిసిన కొద్ది రోజులకే, ఆగస్టు 3న, లాస్ ఏంజెలెస్‌లో లార్గో అనే చోట స్టేజీ ఎక్కి హలో అన్నంత మామూలుగా 'నాకు క్యాన్సర్' అని మొదలుపెట్టిందట. వాళ్లమ్మ పోయాక ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చిందట, అమ్మ పేరు మీదే, మా దగ్గర మీకు సేవలు ఎలా ఉన్నాయి అని. ఆవిడ దాన్నీ జోకు చేసింది. వీడు అక్కడ పట్టుబడిపోయాడు. నాన్న పోయాక ఆస్పత్రి నుంచి 'రేపు మీ చెకప్, ఖాళీ కడుపుతో రండి' అని మెసేజ్ వచ్చింది కదా, నేను ఫోన్ గోడకేసి కొట్టబోయాను. వీడు దాన్ని డిలీట్ చెయ్యకుండా దాచుకున్నాడట. ఆవిడ మధ్యలో ఇక మామూలు జోకులు చెబుతాను అంటే జనమే వద్దని ఆపారట. ఆ ఆడియో ఆ ఏడాదే బయటికొచ్చింది.

ఇంకొకాయన ప్యాటన్ ఓస్వాల్ట్. 2016 ఏప్రిల్‌లో భార్య నిద్రలోనే పోయింది. ఏడేళ్ల కూతురికి ఆ సంగతి తనే చెప్పాల్సి వచ్చింది. మరుసటి ఏడాది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన షోలో సగం మామూలు హాస్యం చెప్పి, సగం దాటాకే భార్య మాట ఎత్తాడట. లారీ కిల్‌మార్టిన్ అనే ఆవిడ అయితే వాళ్ల నాన్న చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని ట్విట్టర్‌లో జోకులు రాసింది, తర్వాత వాటితో షో చేసింది. వీళ్లందరినీ వీడు రాత్రుళ్లు నిద్ర పట్టక చూశాడు. నేనేమో నిద్రమాత్ర వేసుకున్నాను.

మొదటిసారి వేరే చోట చెప్పినప్పుడు 'నాన్న పోయారు' అన్నదే ముందు చెప్పాడట. ఒక్కరూ నవ్వలేదు. జాలిపడ్డారు. జాలి వస్తే ఇక నవ్వు రాదన్నయ్యా అన్నాడు. అప్పుడు తిరగేశాడు, ముందు నాన్నని వాళ్లకు పరిచయం చెయ్యాలి, వాళ్లకు ఆయన నచ్చాలి, తర్వాతే పోవాలి. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే... మన ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లంతా అడిగింది ఏంటి? ఎలా పోయారు, ఎన్నాళ్లు ఉన్నారు ఆస్పత్రిలో, ఎంతైంది. నేనూ నెలల తరబడి అదే చెప్పి చెప్పి, నాన్న అంటే నాకు ఆ ఐసీయూ మంచమే మిగిలింది. ఆ రాత్రి పెరుగన్నం తినే నాన్న తిరిగొచ్చాడు. అంతే, అందుకే నీకు ఇదంతా రాయకుండా ఉండలేకపోయాను.

ప్రతి వారం అదే మాట అంతమంది ముందు చెప్పాలి కాబట్టి మెల్లగా వణుకు తగ్గిందట. అయితే వాడికో భయం ఉంది. చెప్పిందే చెబుతూ, నవ్వు రాని ముక్కలు కోసేస్తూ పోతే అసలు జరిగింది మర్చిపోతానేమో అని. నాకూ అదే. ఎందుకంటే పెద్దత్త ఆ మాట అందో లేదో నాకు గుర్తు లేదు. వీధిచివర సుబ్బమ్మ గారు అన్నారేమో? నువ్వు గుమ్మం దగ్గరే ఉన్నావు, నీకు గుర్తుండాలి. ఇంకోటి, కరెంటు పోగానే నాన్న దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ముగ్గురు దండలు పక్కన పెట్టి, ఆ వానలో సబ్‌స్టేషన్‌కు పరిగెత్తారు చూడు, నువ్వు ఇంకోవైపు జనరేటర్ కోసం పరిగెత్తావు. ఆ ముగ్గురూ తడిసి ముద్దై వచ్చి బాక్సు పక్కన నిలబడి 'సప్లై ఇచ్చేశామండీ' అని నాన్నకే చెప్పారు. అదెందుకు చెప్పలేదురా అని అడిగాను. 'అది చెబితే నేను ఆగలేను' అన్నాడు.

ఇక అమ్మ. అమ్మకు వినిపించాలా వద్దా అని ఇద్దరం చాలా వాదించుకున్నాం. చివరికి మొన్న ఊరొచ్చినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసింది వాడే పెట్టాడు. మీ చెల్లి వంటింట్లోకి పారిపోయింది. అమ్మ మొదటి నుంచి చివరిదాకా కదలకుండా వింది. ఆవిడ ఆ రోజు ఎలా శోకాలు పెట్టిందో నీకు తెలుసు కదా, 'స్తంభం ఎక్కినప్పుడు భయపెట్టావు, మంచం ఎక్కి మోసం చేశావు' అని, ఆయన చేసినవన్నీ ఒక్కోటీ ఎత్తి చూపుతూ. నాకు అప్పుడు వినబడలేదు గానీ ఇప్పుడు అనిపిస్తోంది, వీడు చేసిందీ అదే పని. మన ఆడవాళ్లు ఎప్పటినుంచో పోయినవాళ్లతో తగువు పెట్టుకుంటూనే ఏడుస్తున్నారు. పండుముసలి పోతే డప్పులతో సాగనంపే ఊళ్లు మనవి. దీని గురించి ఇంకా ఏదో చెప్పాలని ఉంది, నాకే సరిగ్గా అందడం లేదు, నువ్వొచ్చాక మాట్లాడదాం.

అమ్మ విన్నాక ఏమందో తెలుసా? 'ఒక్కసారే అని అబద్ధం చెప్పావేంట్రా? మీ ఇద్దర్నీ పంపినప్పుడు నేను క్లియర్ లేదనే చెప్పి పంపేదాన్ని. అయినా వచ్చేవాడు. ఎల్‌సీ లేకుండా ఎన్నిసార్లు వచ్చాడో నాకు తెలుసు' అంది. చిన్నోడు నోరు తెరుచుకుని చూసి, ఆనక నోట్‌బుక్కు తీశాడు. అమ్మ ఇంక ఆగలేదురా, వాళ్ల పెళ్లిలో కరెంటు పోతే పెళ్లికొడుకే స్తంభం ఎక్కిన సంగతి మొదలెట్టింది, అది నేను జన్మలో వినలేదు. తాళి కట్టే ముందా తర్వాతా అనేదాని మీద పెద్దత్తకు ఫోన్ చేసి మరీ గొడవ! అదంతా రాద్దామని కూర్చున్నాను, ఇంతలో మేత లోడు వచ్చిందని చెరువు దగ్గర్నుంచి కుర్రాడు రానే వచ్చాడు, హారన్ కొడుతున్నాడు. నువ్వు మాత్రం సుబ్బమ్మ గారా పెద్దత్తా అన్నది ఖాయంగా గుర్తు తెచ్చుకుని రాయి, చిన్నోడు వచ్చే వారం మళ్లీ ఎక్కుతున్నాడు, వాడికి కావాలి. జనరేటర్ ఎక్కణ్ణుంచి తెచ్చావో కూడా రాయి, అది నాకు ఇప్పటికీ

వస్తున్నానురా బాబూ అంటున్నా వినడం లేదు. ఉంటాను.

నీ
బావ